టీవీ వెనక నిలబడ్డవాడు

నార్మన్ ఎంట్విసిల్ గురించి మా థార్న్‌లీలో ఎవర్నడిగినా రెండు మాటలు చెబుతారు. అతను బాగుచెయ్యని టీవీ ఈ లోయలో లేదని ఒకటి. అతని నోట్లోంచి ఒక్క అభిప్రాయం ఊడిపడగా విన్నవాడు లేడని రెండోది. మొదటిది నిఖార్సైన నిజం. రెండోది కూడా దాదాపు ఇరవై ఏళ్ళపాటు నిజమే. అది అబద్ధం కావడానికి కారణం జోడీ క్రాషా అనే పిల్ల బస్సులో కూర్చుని మూడు పెన్నులతో చేసిన తెలివితక్కువ పని. దాని దగ్గరికి వస్తాను. ముందు నార్మన్ సంగతి కొంత చెప్పుకోవాలి. తొందరేముంది, బయట ఎలాగూ వానే.

పదిహేనో ఏట నేత మిల్లులో చేరాడు. మూడేళ్ళు తిరక్కుండానే మిల్లు మూతపడింది. మిల్లు మూతపడిందని మా లాంకషైర్ జిల్లాలో ఎవరూ ఏడవరు, ఆ ఏడుపంతా మా తాతల హయాంలోనే అయిపోయింది. నార్మన్ మరుసటి సోమవారమే స్టేషన్ రోడ్డులో టీవీలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు. యజమాని అతని చేతికో నల్లటి తోలుసంచి ఇచ్చాడు. అందులో స్క్రూడ్రైవర్లు, కాసిని వైర్లు, ఒక అద్దం. అద్దం దేనికంటే, ఆ రోజుల్లో టీవీలో బొమ్మని సరిచెయ్యాలంటే వెనక మూత విప్పి లోపల తిప్పాలి. వెనక నిలబడ్డవాడికి ముందున్న బొమ్మ కనపడదు కదా, అందుకని ఎదురు కుర్చీలో అద్దం నిలబెట్టి, అందులో చూసుకుంటూ తిప్పేవాళ్ళు. నార్మన్ అద్దం మొదటి వారంలోనే పగిలింది. అద్దం పగిలితే ఏడేళ్ళ అరిష్టమని యజమాని గుండెలు బాదుకున్నాడు గానీ ఇంకోటి కొనివ్వలేదు. పిసినారితనం ముందు అరిష్టం ఎంత!

దాంతో నార్మన్ ఇంట్లోవాళ్ళనే అడగడం మొదలుపెట్టాడు. టీవీ వెనక నుంచి తల పైకెత్తి "ఇప్పుడెలా ఉంది?" అనేవాడు. మావాళ్ళ సంగతి తెలిసిందేగా. కాలు విరిగి మంచంలో పడున్నవాణ్ణి పలకరించినా "పర్లేదు, బాగానే ఉన్నా" అంటాడు. బొమ్మ మెలికలు తిరిగిపోతున్నా సరే, "బాగానే ఉంది నాయనా, నీకెందుకు శ్రమ" అనేవాళ్ళు. అందుకని నార్మన్ మాటలు నమ్మడం మానేసి మొహాలు చూడటం నేర్చుకున్నాడు. బొమ్మ కుదురుకోగానే నుదుటి మీద ముడత పోతుంది. నోరు దానంతటదే కొంచెం తెరుచుకుంటుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ బయటికి తీసేవాడు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. ఏ ఇంట్లో ఎవరు ఏం చూస్తారో, ఏది చూస్తే ఎవరి మొహం విప్పారుతుందో ఈ లోయలో నార్మన్‌కి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

అతనికి బాగా గుర్తుండిపోయినవి శనివారం మధ్యాహ్నాలు. మగవాళ్ళు ఫుట్‌బాల్‌కి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు పరదాలు లాగేసుకుని, ఇస్త్రీ చేసుకుంటూ, పాత నలుపు తెలుపు నేరాల సినిమాలు చూసేవాళ్ళు. వాటికే నువార్ అని పేరు. తడిసిన వీధి, టోపీ కింద సగం దాక్కున్న మొహం, నమ్మితే నట్టేట ముంచే ఆడది, సినిమా మొదలవకముందే ఓడిపోయిన మగాడు. కథ ముదిరేసరికి ఇస్త్రీపెట్టె దిండు గలీబు మీదే ఆగిపోయేది. కాలిన వాసన ముక్కుకి తగిలితే గానీ ఈ లోకంలోకి వచ్చేవాళ్ళు కారు. ఆ సినిమాల పుణ్యమా అని మా ఊళ్ళో కాలని గలీబు లేని ఇల్లుండేది కాదు.

షీలా పరిచయమైంది కూడా అలాంటి శనివారమే. టీవీ పాడైందని ఒకే నెలలో మూడుసార్లు కబురు చేసింది. మూడోసారి నార్మన్ మూత బిగించేసి, "ఈ టీవీకి ఏ రోగమూ లేదండీ" అన్నాడు.

"తెలుసు," అంది షీలా. "టీ తాగుతారా?"

అంత స్పష్టంగా చెప్పినా మనవాడికి బుర్రకెక్కడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఎక్కాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు. పెళ్ళయ్యాక శనివారాలు ఇద్దరూ సోఫాలో కూర్చుని అవే సినిమాలు చూసేవాళ్ళు. షీలాకి ఒక పిచ్చి ఉండేది. సినిమాలో శవం కింద పడిన మరుక్షణం "డాక్టరే చేశాడు" అనేసేది. ఆ సినిమాలో డాక్టరే లేకపోయినా సరే, "ఉండు, వస్తాడు" అనేది. దాదాపు ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా డాక్టర్ కాలేదు. చివర్లో "నే చెప్పలా!" అందామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, టీ పెట్టడానికి లేచేది. నాలుగేళ్ళ క్రితం షీలా పోయింది. ఆ తర్వాత నార్మన్ శనివారం పూట పరదాలు లాగలేదు.

ఈలోపు ఉద్యోగం కూడా మారింది. జనం పాత టీవీని బాగుచేయించుకోవడం మానేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు, కొట్టు మూతపడింది. నార్మన్ మా ఊరి కాలేజీలో చేరాడు. సినిమా చదువు చదివే పిల్లలకి కెమెరాలు ఇవ్వడం, పుచ్చుకోవడం, పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం అతని పని. మెట్ల కింద ఒక గది, దానికో సగం తలుపు, తలుపు మీద బల్లలా ఒక చెక్క. పిల్లలు అటువైపు, నార్మన్ ఇటువైపు. కెమెరాలతోపాటు ఒక అట్టపెట్టెలో పొడుగు కోటొకటి, టోపీలు రెండు ఉండేవి. ఎందుకంటే ఏటా పిల్లల్లో సగం మంది నువారే తీస్తారు. రంగు తీసేస్తే సినిమా అయిపోతుందని వాళ్ళ గట్టి నమ్మకం. ఆ టోపీ ఎంతమంది డిటెక్టివులను చూసిందో లెక్కలేదు. అందరికీ చెవుల దాకా దిగేది.

చేరిన రెండో ఏడు నార్మన్ ఒక పొరపాటు చేశాడు. షాన్ అనే కుర్రాడు తన సినిమా చూపిస్తే, "ఈ ముక్క రెండు సెకన్లు ఎక్కువైంది, నాయనా" అన్నాడు. అంతే. షాన్ దాన్ని కత్తిరించాడు. పాపం నిజాయితీపరుడు, ఎవరి సాయం తీసుకున్నావని కాగితంలో అడిగితే నార్మన్ పేరు రాసేశాడు. పిల్లల పని పిల్లలే చెయ్యాలని, సిబ్బంది సలహా ఇస్తే ఆ మేరకు మార్కులు కోసెయ్యాలని పైవాళ్ళ నియమం. కోసేశారు. షాన్ అనుకున్న చదువు చేజారింది. ఇప్పుడు ఇళ్ళకి పార్సిళ్ళు పంచే వ్యాను నడుపుతున్నాడు. నార్మన్ రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టి చెయ్యి ఊపుతాడు. అతనికి మనసులో ఏమీ లేదు. నార్మన్ మాత్రం ఆ హారన్ విన్న ప్రతిసారీ చచ్చిపోతాడు. ఆ నియమాల కాగితాన్ని సగం తలుపు లోపలివైపు అతికించుకుని నోటికి తాళం వేసుకున్నాడు. ఏ పిల్ల వచ్చి ఏమడిగినా ఒకటే జవాబు: "సినిమా నీది. నాది కాదు."

ఇక జోడీ దగ్గరికొద్దాం.

జోడీ క్రాషాకి సాల్ఫర్డ్ యూనివర్సిటీలో సినిమా కోర్సులో సీటు రెడీగా ఉంది, కాలేజీలో బి గ్రేడు వస్తేనే. రాకపోతే ఆమె శనివారాలు పనిచేసే చేపలు, చిప్స్ కొట్లో సెప్టెంబరు నుంచి వారమంతా పని. యజమాని అప్పుడే ఆమె కొలతకి కొత్త ఏప్రన్ తెప్పించి పెట్టాడు. మంచివాడే, కాదనను. కానీ జోడీ ఆ ఏప్రన్ ఉన్నవైపు చూసేది కాదు.

సినిమా బాగానే తీస్తోంది. చిక్కంతా దాంతోపాటు ఇవ్వాల్సిన ఫైలు దగ్గర వచ్చింది. ఈ సినిమా ఎవరి కోసం, చూసేవాళ్ళ వయసెంత, ఇష్టాలేమిటి అని ముప్ఫై మందిని ప్రశ్నల కాగితంతో అడగాలి. అడిగిందాన్నిబట్టి తన ప్రేక్షకుడు ఫలానా అని ఒక మనిషిని ఊహించి, పేరు పెట్టి, బొమ్మ అతికించి ఒక పేజీ రాయాలి. దాన్నే పిల్లలు టార్గెట్ ఆడియన్స్ పేజీ అంటారు. ఏటా అందరూ రాసేది ఒకే మనిషిని. పేరు జేక్, పందొమ్మిదేళ్ళు, ఖరీదైన బూట్లు, చేతిలో ఫోను, నువారంటే ప్రాణం. క్లాసు గోడ మీద అలాంటి జేకులు ఎందరో వేలాడేవారు. కాలేజీ అంతా గాలించినా అలాంటి జేక్ ఒక్కడు దొరకడు.

జోడీ కాగితాలు పట్టుకుని పిల్లలు కూర్చునే హాల్లోకి వెళ్ళింది. ఒకడు "నువారంటే ఏంటి, కొత్త సెంటా?" అన్నాడు. ఇంకొకడు కాగితం మీద ఇక్కడ చెప్పకూడని బొమ్మ గీసిచ్చాడు. మూడోవాడు దాంతో విమానం చేసి వదిలాడు. అప్పుడా పిల్ల ఏం చేసిందీ, ఇంటికెళ్ళే బస్సులో పైఅంతస్తులో కూర్చుని ముప్ఫై కాగితాలూ తనే నింపేసింది. చేతిరాతలు మార్చింది. నీలం, నలుపు, ఆకుపచ్చ, మూడు పెన్నులు వాడింది. దొంగతనం చేసినా దొరలా చెయ్యాలంటారు.

మిసెస్ పిలింగ్ వాళ్ళ టీచరు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆ రోజు నార్మన్ క్లాసులో స్టూలెక్కి ప్రొజెక్టర్ బల్బు మారుస్తున్నాడు కాబట్టి జరిగిందంతా చూశాడు. ఆవిడ కాగితాల కట్ట తీసి పేకముక్కల్లా విసనకర్రగా పరిచింది.

"జోడీ, వీళ్ళంతా వరసలో నిలబడి నింపారా?"

"లేదు మిస్. ఎక్కడివాళ్ళక్కడే."

"మరి నీలం, నలుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, ఆకుపచ్చ. ముప్ఫై మందీ భలే క్రమశిక్షణ గలవాళ్ళే!"

అప్పుడు గానీ జోడీకి వెలగలేదు, కాగితాల్ని కలపడం మరిచిపోయిందని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చప్పున చేతిలో ఆకుపచ్చ పెన్ను వెనక్కి దాచింది. క్లాసంతా గొల్లుమంది. మిసెస్ పిలింగ్ నవ్వలేదు.

"వచ్చే శుక్రవారం ఆఖరు. నిజం మనుషులు ముప్ఫై మంది. లేదంటే ఈ భాగానికి సున్నా వేస్తాను. సున్నా వస్తే బి రాదు, నీకు చెప్పక్కర్లేదు."

సాయంత్రం జోడీ కెమెరా స్టాండు తిరిగివ్వడానికి మెట్ల కిందికి వచ్చింది. కళ్ళకి పెట్టుకున్న కాటుకంతా కారి చెంపల మీదికి దిగింది. నార్మన్ ఏమీ చూడనట్టు పుస్తకం తిప్పి ముందుకు జరిపాడు. సంతకం పెట్టింది గానీ కదల్లేదు.

"నార్మన్, అసలీ సినిమాలు ఎవరు చూస్తారు?"

నార్మన్ కళ్ళ ముందు ఒక్కసారిగా నలభై ముందుగదులు వచ్చి నిలబడ్డాయి. పరదాలు, ఇస్త్రీబల్లలు, తెరుచుకున్న నోళ్ళు. జవాబు నాలిక చివర్న ఉంది. దాంతోపాటు షాన్ వ్యాను హారన్ కూడా వినిపించింది.

"సినిమా నీది, తల్లీ. నాది కాదు."

"అబ్బ! ఇంకో మాట రాదా మీకు?" జోడీ చెక్క మీద అరచేత్తో కొట్టింది. "ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉన్నారట. ఆ గోడకున్న పెయింటు కూడా మీకంటే ఎక్కువ మాట్లాడుతుంది! మా నాన్నమ్మ టామ్ అని చిలకని పెంచింది. దానికీ రెండు మాటలొచ్చు!"

నార్మన్ స్టాండు కాళ్ళు మడుస్తున్నాడు. జోడీ ముక్కు చీదుకుని, కోపం చల్లారి, సంచిలోంచి ఒక కాగితం లాగింది.

"పోనీ మీరూ మనిషేగా? ఇది నింపండి. ముప్ఫైలో ఒకటన్నా నిజంది అవుతుంది."

నార్మన్ చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. తలుపు లోపలివైపు అతికించిన నియమాల్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. సలహా ఇవ్వకూడదని ఉంది. కెమెరా పట్టుకోకూడదని ఉంది. సినిమా చూసేవాడిగా ఉండకూడదని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా ఎందుకు తట్టలేదో తెలీదు గానీ, అతన్నలా ఎవరూ అడగలేదు కూడా.

పెన్ను తీశాడు. మీ వయసు: పదిహేను నుంచి ఇరవై నాలుగు, ఇరవై అయిదు నుంచి ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు దాటినవారు. ముప్ఫై అయిదు దాటితే అందర్నీ ఒకే డబ్బాలో వేసేశారు. టిక్కు పెట్టాడు. ఇలాంటి సినిమాలు ఇష్టమా? అవును. ఎవరితో కలిసి చూస్తారు? స్నేహితులతో, కుటుంబంతో, భార్య లేదా భర్తతో, ఒంటరిగా. పెన్ను అక్కడ ఆగిపోయింది. భార్యతో అంటే అబద్ధం. ఒంటరిగా అన్నా అబద్ధమే, ఒంటరిగా అతనొక్కటీ చూడలేదు.

"రేపిస్తాలే," అన్నాడు.

ఇంట్లో గుడ్డు, చిప్స్ తిని, ప్లేటు కడిగి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. డబ్బాలు పనికిరావని కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. రాత అలవాటు లేనివాడు, అక్షరాలు ఇటుకలు పేర్చినట్టు పేర్చాడు.

"నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. వెనక నిలబడి చూసేవాళ్ళ మొహాలు చూసేవాణ్ణి. ఇలాంటి సినిమాలు చూసి మా ఊరి ఆడవాళ్ళు చాలా గలీబులు కాల్చుకున్నారు. మా ఆవిడ కూడా. మేమిద్దరం శనివారం మధ్యాహ్నాలు చూసేవాళ్ళం. ఆవిడ ప్రతిసారీ డాక్టరే హంతకుడు అనేది. ఎప్పుడూ కాలేదు. నాలుగేళ్ళ నుంచి నేను ఏదీ చూడలేదు. మీ ప్రశ్నకి ఏ డబ్బాలో టిక్కు పెట్టాలో తెలియలేదు. క్షమించాలి. ఎన్. ఎంట్విసిల్."

మర్నాడు జోడీ ఆ కాగితాన్ని చెక్క దగ్గరే నిలబడి చదివింది. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిక్క పిల్ల, థాంక్స్ కూడా చెప్పలేదనుకున్నాడు నార్మన్.

శుక్రవారం మధ్యాహ్నం మా చిప్స్ కొట్లో ముసలివాళ్ళ ప్లేటు ఉంటుంది. చిన్న చేప, చిప్స్, మెత్తటి బఠాణీ, రొట్టె వెన్న, టీ, అన్నీ తక్కువ ధరకి. ఊళ్ళో పింఛనుదారులంతా పదకొండున్నరకే గొడుగులు పట్టుకుని వరసలో నిలబడతారు. జోడీ ఆ రోజు మధ్యాహ్నం కాలేజీలో సెలవడిగి, ప్లేటుతోపాటు ప్రశ్నల కాగితం కూడా పెట్టింది. ఊరికే నింపమంటే ఎవరు నింపుతారు? నింపితే బఠాణీ ఇంకో గరిటె అంది. ఇక చూస్కోండి. యజమాని పొయ్యి దగ్గర్నుంచి "నా బఠాణీ! నా బఠాణీ!" అని అరుస్తూనే ఉన్నాడు.

"నువారా? ఓహో, ఆ పాత హత్యల సినిమాలా? అలా చెప్పొచ్చుగా, తల్లీ!" అంది ఒకావిడ. "నేను మా ఆయన పెళ్ళి చొక్కా కాల్చుకున్నా వాటి మూలంగా."

"ఆయన్నే కాల్చాల్సింది," అంది పక్కనావిడ. రెండు టేబుళ్ళు నవ్వుల్లో మునిగిపోయాయి.

జోడీ టేబుళ్ళ మధ్య తిరుగుతూ కాగితాలు కాదు, మొహాలు చూసింది. ఎక్కడ కళ్ళు పెద్దవవుతున్నాయో చూసి అక్కడే ఇంకో ప్రశ్న వేసింది. మూడింటికల్లా ఇరవై తొమ్మిది కాగితాలు వచ్చాయి. నాలుగింటికి మిసెస్ పిలింగ్ బల్ల మీద పెట్టింది. చిప్స్ మీద చల్లే వెనిగర్ మరకలు, వేళ్ళ నూనె ముద్రలు, ఒకదానికి బఠాణీ గింజ కూడా అతుక్కుని ఉంది. ఆవిడ మొదటి కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇవి నిజమైనవే. దేవుడా, క్లాసంతా కంపు కొడుతోంది!"

కానీ అడుగునున్న ముప్ఫయ్యో కాగితం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఎన్. ఎంట్విసిల్. సోమవారం పొద్దున్నే నార్మన్‌ని పిలిపించింది. అతను గది గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బల్ల పక్కన జోడీ గోళ్ళు కొరుక్కుంటోంది.

"నార్మన్, మీకు తెలుసుగా నియమం. ఈ పిల్ల ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళడం మీ సలహానా? అయితే నేను రాసి పంపాలి. పంపితే ఏమవుతుందో మీకు తెలుసు."

షాన్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. మళ్ళీ ఒక పిల్ల చదువు తన చేతి మీదుగా పోతోందేమో అని నార్మన్ టోపీ అంచు నలిపాడు.

"నేనేం చెప్పలేదండీ. అడిగింది, రాశాను. మీరే చదవండి."

ఆవిడ కాగితం వెనక్కి తిప్పి చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"దీంట్లో సలహా ఎక్కడుంది? మీ పెళ్ళి కథ ఉంది." కాగితాన్ని మిగతా ఇరవై తొమ్మిదింటితో కలిపి క్లిప్పు పెట్టింది. "ముప్ఫైలో ఇదొకటి. వెళ్ళండి నార్మన్, మెట్ల కింద ఎవరో కెమెరా కోసం గంట కొడుతున్నారు."

జోడీ అతని వెనకే పరిగెత్తుకుంటూ వచ్చింది. "హంతకుణ్ణి మార్చాలి, సినిమా చివర మళ్ళీ తియ్యాలి. కోటు, టోపీ కావాలి. ఇంకా మీ దగ్గర నల్ల సంచేదన్నా ఉందా, పాతది, తోలుది?"

ఉంది. స్టేషన్ రోడ్డు కొట్టువాడు ఇచ్చిన పనిముట్ల సంచి, అటక మీద. దేనికని నార్మన్ అడగలేదు. మర్నాడు తెచ్చి, తన సంచికి తనే పుస్తకంలో పేరు రాసి, ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. నియమం నియమమే.

మే నెలలో మార్కులు పంపేశారు. ఆ భాగానికి జోడీకి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. బి దాటి ఎ వైపు చూస్తోంది. చిప్స్ కొట్టు యజమాని ఆ ఏప్రన్‌ని వాళ్ళ చెల్లెలి కూతురికి ఇచ్చేశాడు. గోడ మీద జేకుల మధ్య జోడీ పేజీ కూడా వేలాడింది. దాంట్లో మనిషి బొమ్మ లేదు. ఇద్దరు కూర్చునే సోఫా ఒకటి గీసి ఉంది, ఒకవైపు దిండు నొక్కుకుపోయి. కింద ఇలా రాసింది: "నా ప్రేక్షకులు ఇద్దరు. శనివారం మధ్యాహ్నం పరదాలు లాగి చూస్తారు. ఒకావిడ హంతకుడెవరో ముందే చెబుతుంది. ఇంకొకాయన చాలాకాలంగా ఒక్కడే ఉన్నాడు కాబట్టి చూడటం మానేశాడు. ఆయన మళ్ళీ చూడటం కోసం ఈ సినిమా." నార్మన్ దాన్ని భోజనాల వేళ, క్లాసులో ఎవరూ లేనప్పుడు చదివాడు. చదివి, గదిలోకి వెళ్ళి సగం తలుపు మూసి, దాని వెనక కింద కూర్చుని ఏడ్చాడు. షీలాని సాగనంపిన రోజున కూడా అంత ఏడవలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పిల్లల సినిమాలు హాల్లో వేశారు. తల్లిదండ్రులు, టీచర్లు, చిప్స్ కొట్టు ముసలివాళ్ళు పదిమంది దాకా వచ్చారు. పరదాలు లాగి, దీపాలార్పి, ప్రొజెక్టర్ ఆన్ చేసి నార్మన్ చివరి వరసలో కూర్చున్నాడు. జోడీ సినిమా వంతు వచ్చేసరికి ఆ పిల్ల కుర్చీలోంచి లేచి ముందుకెళ్ళింది. తెర పక్కన నిలబడి, తెరకి వీపు పెట్టి, హాలుకేసి చూసింది. "కూర్చో, జోడీ," అని ఎవరో అన్నారు. కూర్చోలేదు.

సినిమా అయిదు నిమిషాలు. తడిసిన వీధి, మన పాత టోపీ, మెట్ల కింద శవం. ముందు వరసలో ఒకావిడ "అయ్యో!" అంది. అందర్నీ అనుమానించారు. చివర్లో వానలో ఒక మనిషి వెళ్ళిపోతుంటాడు, మొహం కనపడదు. చేతిలో నల్లటి తోలుసంచి ఉంటుంది. సంచి తెరుచుకుంటుంది. లోపలి నుంచి స్టెతస్కోపు జారి తడినేల మీద పడుతుంది.

నార్మన్ నుదుటి మీద ముడత పోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది. అది జోడీ ఒక్కతే చూసింది.

"ఇప్పుడెలా ఉంది, నార్మన్?" అని తెర పక్క నుంచి అరిచింది.

హాలంతా వెనక్కి తిరిగింది. నార్మన్ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"షీలా ఉంటే, 'నే చెప్పలా' అనేది," అన్నాడు. మార్కులు ఎలాగూ వెళ్ళిపోయాయి, ఇక ఎవరి చదువూ పోదు. "మొదట్లో ఆ వీధి మాత్రం రెండు సెకన్లు ఎక్కువైంది, తల్లీ."

జోడీ నవ్వి, జేబులోంచి పెన్ను తీసి, ఆ మాట అరచేతి మీద రాసుకుంది. ఆ శనివారం నార్మన్ తన ముందుగది పరదాలు లాగాడు.